తంబాకు లేని గది

రాసుకో బిడ్డా. నెమ్మదిగానే చెప్తాను, నడుమ నడుమ ప్రశ్నలు అడగకు.

మీ అమ్మ అప్పుడు పాకే పిల్ల. మీ తాత దుబాయిలో ఉన్నాడు. మా కోరుట్ల గల్లీలో మగవాళ్లు చాలామంది దుబాయికో బొంబాయికో పోయినవాళ్లే. ఇండ్లలో మిగిలింది మేమూ, మా ఒళ్లో బీడీల చాటలూ. పొద్దున వంట కాగానే నలుగురం మా ఇంట్లో చేరేవాళ్లం. చెయ్యి చాటలో, నోరు ఊరంతా.

నాకు రాయడం రాదు. అందుకే క్యాసెట్‌లో మాట్లాడి, దుబాయికి పోయేవాళ్ల చేతికి ఇచ్చేదాన్ని. ఒకసారి మీ తాత జవాబు క్యాసెట్ వచ్చింది. మంచిచెడ్డలు ఏమీ అడగలేదు.

"నువ్వు మాట్లాడినంత సేపు ఎనక పాప దగ్గుతనే ఉన్నది. గా తంబాకు పని బంద్ చెయ్యి. పాప కంటె బీడీలు ఎక్కువనా?" అన్నాడు.

ఆయనకు అక్కడ ఇంకా సరైన పని దొరకలేదు. ఇల్లు నా చాట మీదనే నడుస్తోంది. మానేస్తే పొయ్యి వెలగదు, చేస్తే ఆ పొగాకు ఘాటుకు పిల్లకు ఊపిరాడదు.

నలుగురం ఆలోచించాం. రోజుకొకరు పిల్లలందరినీ వేరే ఇంట్లో చూసుకోవాలి, మిగతా ముగ్గురూ ఆమె చాటలో తలా ఇన్ని బీడీలు వేయాలి అనుకున్నాం. మొదటి వంతు నాదే. మర్నాడు కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే ఆయన నా కట్ట విప్పి నవ్వాడు.

"ఏందమ్మా, ఒకటి నీలెక్క బక్కగున్నది, ఒకటి మీ అత్తలెక్క బొద్దుగున్నది! గీ కట్టల ఎంతమంది చేతులున్నయ్?"

అన్నీ తీసి పక్కన పడేశాడు. చుట్టిన చెయ్యి దాగదు బిడ్డా. ముగ్గులాగే, ఎవరిది వాళ్లదే. మాకు తెలియని సంగతా? తెలిసీ ఎట్లా మరిచామో!

ఇంటికొచ్చి చెప్తే ఒకామె, "ఇగ పిల్లలను గూడ కార్ఖానలనే ఇద్దాం, చూసి తీస్కుంటడు" అంది. అందరూ నవ్వారు. మాలో పెద్దది పక్కింటి ముస్లిం ఆమె; ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్లం. ఆమె ఒక్కతే నవ్వకుండా బీడీ చుట్టే తునికాకు కత్తిరిస్తోంది.

"అరే, చుట్టుట్ల చెయ్యి కనవడ్తది. కత్తిరిచ్చుట్ల కనవడ్తదా? ఆకుల తంబాకు ఎక్కడున్నది?" అంది.

అంతే. బీడీ పనిలో సగం పొద్దు ఆకు కత్తిరించడానికే పోతుంది. ఇక వంతు వచ్చినామె ఖాలా ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ, మంచం మీద కూర్చుని అందరి ఆకూ కత్తిరించేది. మిగతావాళ్లం మా ఇంట్లో ఉత్త చుట్టుడే కాబట్టి చేతులు ఉరికేవి. వంతు రోజు ఆగిన పని మిగతా రోజుల్లో తీరేది. ఎవరి చాటలో వాళ్ల చెయ్యే. తంబాకు మాత్రం ఖాలా గడప దాటొద్దు. పిల్లల కోసం పోతే ఆమె గడపలో నిలబడి మా చేతులు వాసన చూసేది.

"ఇంక వాసనొస్తున్నది. మల్ల కడుక్కో, పో!"

ఎండలు తగ్గేసరికి మీ అమ్మ దగ్గు తగ్గింది. నా వంతు రోజు, ఆ గదిలోనే కూర్చుని ఇంకో క్యాసెట్ నింపాను. ఈసారి మీ తాత గొంతు మెత్తగా వచ్చింది.

"దగ్గు ఇనవడలే. కరకర కత్తెర సప్పుడు, పాప నవ్వు ఇనవడ్డయి. రూమ్ల అందరం కూసోని ఇన్నం. పిల్లలున్నోళ్లు మల్ల పెట్టుమన్నరు."

వినీ వినీ ఆ క్యాసెట్ అరిగిపోయిందట. ఇంకోటి నింపి పంపమన్నాడు. అందులో నేను కొంచెం తక్కువ మాట్లాడాలట.