గీత లోపల గరిట

కామేశ్వరి వంటింటి గోడకి వేలాడినంతసేపూ గరిట ఉత్త గరిటే. అది తన గీత దాటి పక్క మేకుకి చేరితే మాత్రం, ఆదివారం పొద్దున్న ఆమె మోచేతి మీద పడేది.

ఆ గీతలు ఆమె భర్త గవర్రాజు గీసినవి. అతను స్టీల్ ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద ఫిట్టరు. వాళ్ళ వర్క్‌షాపులో పనిముట్లన్నీ ఒక పెద్ద బోర్డు మీద తగిలించి ఉంటాయి. ప్రతి స్పానరు వెనకా దాని ఆకారమే పెయింటుతో గీసి ఉంటుంది. ఏది తీసినా ఖాళీ ఆకారం దూరానికే కనిపిస్తుంది. షిఫ్టు దిగేముందు ఫోర్‌మన్ ఒకసారి అటు చూస్తాడు. ఆకారాలన్నీ నిండి ఉంటే సరే, ఇంక దగ్గరికెళ్ళి చూడడు. ఆ పద్ధతి గవర్రాజుకి బాగా నచ్చింది. కూర్మన్నపాలెంలో మా కింద వాటాలో అద్దెకి దిగిన కొత్తలోనే వంటింటి గోడ మీద నల్ల పెయింటుతో గరిట, అట్లకాడ, అప్పడాలకర్ర, పట్టకారు, కత్తెర, దువ్వెన, టార్చిలైటు అన్నీ గీసేశాడు.

ఆదివారం ఇన్‌స్పెక్షన్. ముందు తలుపు గెడ వేసేవాడు. తరవాత గోడ ముందు నిలబడేవాడు. ఏ వస్తువు చోటు తప్పితే ఆ వస్తువుతోనే కొట్టేవాడు. దువ్వెన తప్పిన వారం తేలిగ్గా గడిచేది. పట్టకారు తప్పిన వారం కామేశ్వరి ఎడమ చేతి చిటికెన వేలు విరిగింది. అది వంకరగానే అతుక్కుంది.

ఆమెది తగరపువలస దగ్గర పల్లె. వాళ్ళమ్మ కాగితపు గుజ్జుతో బుట్టలు చేసేది. పాత పేపర్లు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, బోర్లించిన గిన్నె మీద మెత్తి ఎండబెడితే రాయిలాంటి బుట్ట వస్తుంది, పురుగు పట్టదు. కామేశ్వరికి ఆ పని వచ్చు, కుట్టుపనీ వచ్చు. చిరిగిన జీన్ ప్యాంట్లు కోసి జేబులున్న గోడసంచులు కుట్టేది. టూత్ బ్రష్షులకి ఒక జేబు, మందులకి ఒకటి, కూతురు ధనశ్రీ రిబ్బన్లకి ఒకటి. పప్పులకీ ఉల్లిపాయలకీ గుజ్జు బుట్టలు. వీధిలో ఆడవాళ్ళు పని కట్టుకుని చూడటానికి వచ్చేవారు. ఇంత పొందిగ్గా ఎలా ఉంచుతావమ్మా అనేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. ఇంట్లో ప్రతి వస్తువుకీ చోటు కుట్టడం ఆమెకి సరదా పని కాదు. చోటు ఉంటే తప్పిపోదు, తప్పిపోకపోతే దెబ్బ పడదు.

గవర్రాజు ఆ గోడని అందరికీ చూపించేవాడు. ఒకరోజు తనతో పనిచేసే శివరామకృష్ణని భోజనానికి తీసుకొచ్చాడు. అతనిదీ మా వీధే, నోరు ఊరుకోని మనిషి.

"ఏటి బావా, ఇంటికని పిల్సి స్టోరు రూముకి తెచ్చేసినావు?"

"నవ్వకు బావా. కల్లు మూసుకుని సెయ్యెట్టినా సామాను దొరకాల. ఇల్లంటే అలాగుండాల."

"అన్నీ గీసినావు గానీ, మా సెల్లెమ్మకి గీత ఏదీ? ఆవిడెక్కడ నిలబడాలో తెలీకపోతే ఎలాగ?"

ఇద్దరూ నవ్వారు. కామేశ్వరి కూడా నవ్వింది, చేతిలో చారు గిన్నె ఉంది. శివరామకృష్ణ తిని వెళ్ళిపోయాక గవర్రాజు పెయింటు డబ్బా తీశాడు. ఆమెని స్టవ్ పక్కన నిలబెట్టి, ఆమె రెండు పాదాల చుట్టూ గచ్చు మీద గీత గీశాడు. ఆ తరవాత ప్రతి ఇన్‌స్పెక్షన్‌కీ ఆమె ఆ పాదాల్లోనే నిలబడాలి. దెబ్బకి కాలు కదిలితే ఇంకోటి.

కింద చప్పుళ్ళు పైకి వినిపించేవి. మొదట ఏదో పడేది, తరవాత నిశ్శబ్దం. ఏడుపు వినిపించేది కాదు. ఒకసారి మా అమ్మ దిగి తలుపు కొట్టింది. గవర్రాజు గెడ తీసి మర్యాదగా చేతులు జోడించాడు.

"ఏంటి బాబూ, ఆ చప్పుడు?"

"ఇంటి యవారం పిన్నిగారూ. మీరు పైకెల్లండి."

తలుపు మూసుకుంది. మా అమ్మ తలుపు కొట్టిన పాపానికి ఆరోజు కామేశ్వరి వీపు మీద ఎత్తుపీట విరిగింది. ఖాళీ చేయించాలని మా అమ్మ చాలాసార్లు అనుకుంది. కానీ ఇంకో ఇంట్లో పైన ఎవరుంటారో, ఈ మాత్రం వినేవాళ్ళు కూడా ఉంటారో ఉండరోనని ఆగింది. పుట్టింటికి వెళ్ళమంది. అంతకుముందు ఒకసారి తగరపువలసలో వాళ్ళ అక్క చిట్టమ్మ ఇంటికి వెళితే, గవర్రాజు అక్కడికే వచ్చి, మంచిగా మాట్లాడి, తీసుకొచ్చి, ఇక్కడ తలుపు వేసి కొట్టాడు.

ధనశ్రీకి ఏడేళ్ళు వచ్చిన వారమే పెయింటు డబ్బా మళ్ళీ బయటికి వచ్చింది. గోడ కింది భాగంలో పెన్సిల్ డబ్బా, చెక్క స్కేలు, స్టీలు నీళ్ళసీసా ఆకారాలు గీశాడు. పిల్ల సంబరపడింది. తరవాత తల్లి పాదాల పక్కనే దాన్ని నిలబెట్టి కుంచె తిప్పాడు. చక్కిలిగింతలకి పిల్ల కిలకిలా నవ్వింది.

"కదలకే. పెయింటు పక్కకి పోతాది," అన్నాడు గవర్రాజు. భార్య వైపు చూసి, "ప్లాంటు ఆపి సేసే షట్‌డౌన్ పనులయ్యేదాకా నాకు ఆదివారం నేదు. ఆ తరవాత నుంచి దీనికీ ఇన్‌స్పెక్షనే. ఇప్పట్నుంచే నేర్సుకోవాల," అన్నాడు.

కామేశ్వరి గచ్చు మీద ఆ చిన్న పాదాలనే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు అతను డ్యూటీకి వెళ్ళగానే పాత పేపర్లు అడగడానికి పైకి వచ్చింది. మా ఇంట్లో పాత పేపర్లకి, పరీక్షలయ్యాక మిగిలిన నా జెరాక్సులకి కొదవ లేదు. అన్నీ పట్టుకెళ్ళింది. ఆ వారమంతా కింద నుంచి మెంతుల వాసన వస్తూనే ఉంది.

బుట్టలేమో అనుకున్నాం. ఒక మధ్యాహ్నం ఆమె క్యారేజీ పంపింది. మా ఇళ్ళ మధ్య క్యారేజీలు తిరగడం మామూలే. వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళదు, ఆమె పులుసు పంపితే మేం పచ్చడి పంపుతాం. ఆరోజు మా అమ్మ మూత తీస్తే, పై గిన్నెలో కూర, కింది గిన్నెలో పట్టకారు, కత్తెర. వెనకాలే కామేశ్వరి కొంగు చాటున అప్పడాలకర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఏంటే ఇవన్నీ?"

"మీకాడ ఉంచండి పిన్నీ. ఇయి గట్టియి."

"మరి గోడ మీదో? చూడడా?"

"గీత నిండితే సాలు పిన్నీ. ఆడు ఆకారం సూత్తాడు. వస్తువు సూడడు."

గుజ్జుతో ఆమె గోడ మీది సామానంతా మళ్ళీ చేస్తోంది. అప్పడాలకర్రకి తవుడు కూరిన గుజ్జు. గరిటకి, పట్టకారుకి అట్టముక్కల ఆధారం మీద గుజ్జు, పైన గవర్రాజే తెచ్చి ఉంచిన వెండిరంగు పెయింటు. మా మేడ మీద ఎండబెట్టింది. ప్లాంటు వైపు నుంచి వచ్చే నల్లటి పొడి పడకుండా వాటి మీద పల్చటి గుడ్డ కప్పి, గంటకోసారి తిప్పడం నా పని. ఒక్కో వస్తువూ క్యారేజీలోనో కొంగు చాటునో పైకొచ్చేది, దాని బొమ్మ కిందకి వెళ్ళేది. వంటకి అవసరమైన గరిటని అతను డ్యూటీలో ఉండగా పైనుంచి తీసుకెళ్ళి వండుకునేది.

"ఇంత కష్టం ఎందుకే, పిల్లని తీసుకుని వెళ్ళిపో," అంది మా అమ్మ.

"ఎక్కడికెల్లినా ఒస్తాడు. తలుపేసుకుని కొడతాడు. ముందు పిల్లకి దెబ్బ తగల్నీకూడదు, అంతే."

"మరి వాడికి చేతుల్లేవా?"

కామేశ్వరి మిగిలిన గుజ్జు ముద్ద అరచేతిలో వత్తుతూ కూర్చుంది. చివరికి, "దానికీ సూసేను పిన్నీ," అంది.

షట్‌డౌన్ అయిపోయింది. ఆదివారం వచ్చింది. గవర్రాజు స్నానం చేసి, గెడ వేసి, గోడ ముందు నిలబడ్డాడు. ఆ తరవాత జరిగింది కామేశ్వరి చెప్పింది, సగం మేం విన్నాం.

ఆకారాలన్నీ నిండి ఉన్నాయి. కానీ అప్పడాలకర్ర గీతలో అట్లకాడ ఉంది, అట్లకాడ గీతలో అప్పడాలకర్ర ఉంది. తేలిగ్గా ఉన్నాయని ధనశ్రీ ఆ రెండూ తీసి బొమ్మల్లా ఆడుకుని, మళ్ళీ తగిలించేటప్పుడు తప్పింది.

"ఎవుల్దీ పని?"

"నాదే," అంది కామేశ్వరి.

"నానే నాన్నా," అంది పిల్ల.

"ఇద్దరూ ఒప్పుకున్నారు. మంచిదే. సిన్నది ముందు."

అతను అప్పడాలకర్ర లాగి, లాగిన ఊపులోనే కొట్టాడు. బరువులో తేడా చేతికి తెలిసేలోపే దెబ్బ పిల్ల భుజం మీద పడింది. కర్ర రెండు ముక్కలై, తవుడు జలజలా రాలింది. ధనశ్రీ ఏడవలేదు. భుజం మీది తవుడు వంక చూసుకుంది.

గవర్రాజు చేతిలో మిగిలిన ముక్కని వాసన చూశాడు. దాన్ని పారేసి పట్టకారు అందుకున్నాడు. అది వంగిపోయింది. గరిట కాడ ఊడొచ్చింది. కత్తెర నలిగింది. ఒక్కోటి లాగి, విరిచి, నేలకేసి కొడుతూ గోడంతా ఖాళీ చేశాడు. నాన్న ఆడుతున్నాడనుకుందో ఏమో, పిల్ల నవ్వేసింది.

అప్పుడు పిడికిలి లేచింది. కామేశ్వరి గీసిన పాదాల్లోంచి బయటికి వచ్చి మధ్యలో పడింది. ఆ దెబ్బ ఆమె దవడకి తగిలింది. రెండోది మెడకి. ఆమె తల స్టవ్ గట్టుకి కొట్టుకుని కనుబొమ మీద చీరుకుపోయింది. అతను మోకాలితో ఆమె భుజం మీద తొక్కినప్పుడు కంఠం కింది ఎముక విరిగిన చప్పుడు మాకు పైకి వినిపించింది. ఆమె కేకేసింది, అన్నేళ్ళలో మొదటిసారి.

"ధనీ, తలుపు లాగెయ్."

ఏడేళ్ళ పిల్ల తలుపు లాగింది. గెడ దిగే బందు గుమ్మం నుంచి అలాగే ఊడొచ్చింది. దాని స్క్రూలు చెక్కలో బిగిసి లేవు. రంధ్రాలు పెద్దవి చేసి, గుజ్జు కూరి, అందులో గుచ్చి, పైన రంగు వేసి ఉంచింది కామేశ్వరి. చూడటానికి గెడ వేసినట్టే ఉంటుంది.

పిల్ల మెట్ల మీద మా అమ్మ కాళ్ళకి చుట్టుకుంది. వెనకాలే కామేశ్వరి పాకుతూ బయటికి వచ్చింది. గవర్రాజుకి ఒళ్ళు తెలియడం లేదు. గుమ్మం దాటానన్న సంగతి కూడా తెలియలేదు. జుట్టు పట్టుకుని ఆమెని వీధిలోకి ఈడ్చాడు. కుళాయి దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు, బళ్ళు కడుగుతున్న మగవాళ్ళు, అందరూ చూస్తుండగానే కడుపులో తన్నాడు. రెండోసారి కాలెత్తినప్పుడు శివరామకృష్ణ వెనక నుంచి నడుం పట్టుకుని లాగాడు.

"వదలరా బావా. ఇది ఇంటి యవారం."

"ఇల్లెక్కడుందిరా? ఇది రోడ్డు," అన్నాడు శివరామకృష్ణ. చేతిలోని బావని గోడకేసి కొట్టాడు. ఇంకో ఇద్దరు వచ్చి కూర్చోబెట్టారు. కూర్చోబెట్టేటప్పుడు ఊరికే కూర్చోబెట్టలేదు. అతని పెదవీ పగిలింది, ముక్కూ పగిలింది. స్టేషన్ నుంచి జీపు వచ్చి అతన్ని ఎక్కించుకునేదాకా కొడుతూనే ఉన్నారు. అందులో కొంతమంది, పొందికైన ఇల్లంటూ ఆ గోడని మెచ్చుకున్నవాళ్ళే.

ఈసారి సాక్ష్యానికి వీధంతా ఉంది. కామేశ్వరి భుజానికి పట్టీ వేయించుకుని, కూతుర్ని తీసుకుని తగరపువలస వెళ్ళిపోయింది. క్యారేజీలో, కొంగు చాటున పైకొచ్చిన సామానంతా గోనెసంచిలో వేసి మేమే పట్టుకెళ్ళి ఇచ్చాం.

మేం వెళ్ళిన రోజు చిట్టమ్మ పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. మేం తెచ్చిన గరిటతో ధనశ్రీ పెరట్లో మట్టి తవ్వి, దాన్ని గుమ్మంలో వదిలేసింది. చిట్టమ్మ అటు వస్తూ దాని మీద కాలేసి తూలింది.

"ఎవుల్దే ఈ గరిట, దార్లో పడేసింది?"

కామేశ్వరి కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడింది, రెండు పాదాలూ దగ్గరగా చేర్చుకుని. ధనశ్రీ రెండు చేతులూ తల మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

చిట్టమ్మ ఇద్దర్నీ చూసింది. వంగి గరిట తీసి, చెంబు నీళ్ళతో కడిగి, పులుసు ఒకసారి కలిపింది. తరవాత దాన్ని మళ్ళీ పిల్ల ముందే, గుమ్మంలోనే పెట్టి, ఉప్పు కోసం లోపలికి వెళ్ళింది.