మఠంలో ఉప్పు

అమీర్‌పేటలో పాడుబడిన పాత మఠాన్ని లాడ్జిగా మారుస్తున్న రోజుల్లో నేనక్కడ సూపర్‌వైజర్‌ని. బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతాదంతా పంజాగుట్టలో లైబ్రరీ బల్ల దగ్గర సాయంత్రాలు కూర్చొని సంపాదించుకున్నది. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి.

సాధువుల గదులు ఇంకా నిలబడే ఉన్నాయి, తలుపులు పెడితే చాలు. వంటగది కట్టాలంటే మాత్రం పెరట్లోని రాతి అరుగు అడ్డం. మఠం ఊడ్చే ముసలాయన దాని మీద పడుకున్నాడు.

"మా గురువు దీని కింద కూసున్నడు. నన్ను సంపి తవ్వుండ్రి."

కోస్తా నుంచి వచ్చిన ఓనరు నా వైపు తిరిగాడు. "ఏంటండీ, పుస్తకాలు చదువుతారుగా. ఇది సమాధేనా?"

"కాదండీ. సమాధైతే పైన లింగం ఉండాలి. ఇది సున్నం నానబెట్టిన తొట్టి, తర్వాత రాయి కప్పేశారు." అలాంటి తొట్టి బొమ్మ ఒకటి పుస్తకంలో చూశాను.

ఓనరు ముసలాయన డొక్కలో తన్నాడు. కూలీలు కాళ్లు పట్టి ఈడ్చేశారు. తల రాయికి కొట్టుకుని చెవి మీదుగా నెత్తురు కారింది. మేస్త్రీ గునపంతో మూడో దెబ్బ వేసేసరికి అరుగు పగిలింది. లోపల తెల్లటి గడ్డలు.

"చూశారా, సున్నం!" అని అరిచాను.

మేస్త్రీ ఒక గడ్డ నాలుక మీద పెట్టుకున్నాడు. సున్నమైతే కాలుతుంది. ముప్పై ఏళ్లుగా సున్నం కలిపినవాడు.

"ఉప్పు, సాబ్. గిది ఉప్పు."

సాధువును కూర్చోబెట్టి, చుట్టూ ఉప్పు పోసి పూడుస్తారు. అదీ నేను చదివిందే. అప్పుడు గుర్తొచ్చింది.

"ఆపకండి, తవ్వండి!" అన్నాడు ఓనరు.

మేస్త్రీ గునపం ఎత్తాడు. "జర సోంచాయించు సేఠ్, మంచిగ ఆలోచన చెయ్. ఇంకో దెబ్బ పడ్తే నీ తలకాయ మీదనే."

ఓనరు వెనక్కి నడుస్తూ గేటు దాటాడు.

ముసలాయన లేచి పార అందుకుని కర్రవైపుతో నా నెత్తిన కొట్టాడు. పడిపోయాను. రెండో దెబ్బకు మోచెయ్యి విరిగింది. మేస్త్రీ ఆయన్ని వాటేసుకుని ఆపాడు.

"తన్నింది సేఠ్ కదా తాతా, గీయన్ని కొడ్తవేంది?"

"గాడు తన్నిండు, గంతే. పలగ్గొట్టింది వీని సదువు."

నేనలా పడి ఉండగానే మేస్త్రీ గడ్డలన్నీ తిరిగి పేర్చి రాయి కప్పాడు. ఆ తర్వాత ఒక్క కూలీ కూడా దాన్ని ముట్టలేదు. వంటగది వీధివైపు కట్టుకున్నారు.

చెయ్యి వంకరగా అతుక్కుంది. లావు పుస్తకం పట్టుకుంటే ఇప్పటికీ లాగుతుంది.