కడుపెట్లుండాది?

లోకంలో మనిషికి మనిషి ఎదురైతే ‘బాగుండావా’ అంటారు. చింతామణి ఊళ్లో ఆంజనేయప్ప మాత్రం ‘కడుపెట్లుండాది?’ అంటాడు. తాశీల్దారైనా సరే, తాటిముంజలు అమ్మే ఆయనైనా సరే, పెళ్లిలోనైనా సరే, చావులోనైనా సరే, ముందు కడుపు సంగతి తేలాలి. పోనీ, గుసగుసగా అడుగుతాడా అంటే అదీ లేదు. బట్లహళ్ళి పొలాల్లో బోరు మోటార్ల హోరు మీద కేకలేసి సేద్యం చేసిన గొంతు. ఆయన బజారుకు ఈ చివర అడిగితే ఆ చివరివాళ్లు కూడా తమ కడుపు తడుముకునేవారు.

ఆయన తమ్ముడి కూతురు శృతికి చిన్నప్పుడు ఇదంతా నవ్వులాటే. బస్టాండు దగ్గర అంబలి అంగడి పెట్టాకే ప్రాణసంకటమైంది. రాగిపిండి ఉడికించి, రాత్రంతా పులియబెట్టి, పొద్దున మజ్జిగ కలిపి, సీసాల్లో నింపి అమ్ముతుంది. పులిసిన అంబలిలో పేగులకు మేలుచేసే సూక్ష్మజీవులు ఉంటాయని చిక్కబళ్ళాపురంలో తరబేతు శిబిరానికి వెళ్లి మరీ నేర్చుకొచ్చి, ‘కడుపుకు మంచిది’ అని అంగడికి బోర్డు రాసింది. నేర్చుకున్నది ఊరికే ఉండకుండా పెద్దనాయనకు చెప్పింది. అక్కడే వచ్చింది తంటా.

మర్నాడు పెద్దనాయన అంగట్లో కూర్చుని ఉండగా బ్యాంకులో పనిచేసే నందీశ్ వచ్చి ఒక గుక్క తాగాడు.

“ఇంత పుల్లగా ఉండాది, ఏమేసినారప్పా ఇందులో?”

“పురుగులు,” అన్నాడు ఆంజనేయప్ప గర్వంగా. “మంచి పురుగులు. కోట్లుంటాయి. అన్నీ బతికే ఉండాయి.”

నందీశ్ నోట్లోది మింగాలో ఉమ్మాలో తెలియక బుగ్గలు ఉబ్బించుకుని నిలబడ్డాడు.

“పురుగులు కావు పెద్దనాయనా, సూక్ష్మజీవులు,” అంది శృతి ఏడుపు గొంతుతో.

“అదేలేమ్మా, కండ్లకు కనపడని పురుగులు. మింగు నందీశూ. ఇంతకీ నీ కడుపెట్లుండాది?”

నందీశ్ ఆ తర్వాత అటువైపు రాలేదు. బ్యాంకుకు పక్క వీధిలోంచి పోతున్నాడని తెలిసింది.

ఇంకోసారి కెంచార్లహళ్ళి కెంపమ్మ కొత్త కోడలు అంబికను వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరూ గ్లాసులు అందుకోబోతుంటే మన పెద్దాయన అడగనే అడిగాడు.

“కడుపెట్లుండాదమ్మా?”

అంబిక ముఖం ఎర్రబడింది. కెంపమ్మ కొంగు దోపింది. “పెండ్లయ్యి నెల గూడా కాలేదు. నడిబజార్లో ఆడపిల్లను అడిగే మాటేనాప్పా ఇది?”

“అయ్యో, నేనడిగింది నీ కోడలి కడుపు కాదమ్మా,” అన్నాడు ఆంజనేయప్ప సర్దిచెబుతూ. “నీ కడుపు.”

అరవై దాటిన కెంపమ్మను ఆ రోజు శాంతపరచడానికి శృతికి తలప్రాణం తోకకొచ్చింది. ఊరంతా నవ్వుకుంది. శృతికి మాత్రం నవ్వు రాలేదు. పొద్దున నింపిన సీసాల్లో సగం సాయంత్రానికి అలాగే మిగిలిపోతున్నాయి. పెద్దనాయనను రావొద్దని చెప్పడానికి నోరు రాదు, వస్తే బేరం నిలవదు.

అంతలో చిక్కబళ్ళాపురం నుంచి శ్రీనివాసమూర్తి వస్తున్నానని ఫోన్ చేశాడు. అక్కడ ఆయనకు పేరున్న జ్యూస్ అంగళ్లు ఉన్నాయి. రుచి నచ్చితే రోజూ శృతి దగ్గరే సీసాలు కొంటానన్నాడు. ఆయన సరేనంటే అంగడి నిలుస్తుంది. కాదంటే కుండ బోర్లించి ఇంట్లో కూర్చోవలసిందే.

“పెద్దనాయనా, నీ కాళ్లకు మొక్కుతా. ఆయన ముందర కడుపు మాటెత్తొద్దు.”

“ఎత్తనులేమ్మా,” అని ఆంజనేయప్ప తువ్వాలు నోటికి అడ్డంగా చుట్టుకుని మూలన కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి తువ్వాలు దించి, “నువ్వు పొద్దున్నుంచీ ఏమీ తినలా. నీ కడుపు...” అని, శృతి చూసిన చూపుకు మళ్ళీ చుట్టుకున్నాడు.

శ్రీనివాసమూర్తి వచ్చాడు. తాగాడు. ఇంకో గ్లాసు అడిగి తాగాడు.

“బాగుండాదమ్మా,” అన్నాడు చివరికి. “ఒక సీసా కట్టివ్వు, మా అమ్మకు తీసకపోతా. నిన్ననే ఆస్పత్రి నుంచి పిల్చుకొచ్చినాము.”

మూలన తువ్వాలు కిందపడింది.

“అమ్మకు కడుపెట్లుండాదప్పా?”

శ్రీనివాసమూర్తి కనుబొమలు ముడిపడ్డాయి.

“ఎందుకడుగుతాండావు?”

“జబ్బేమి?”

“క్యాన్సరు. మందు ఎక్కిస్తాండారు.”

“అట్లయితే ఇయ్యను.”

“పెద్దనాయనా, నువ్వు ఊరకుండు,” అంది శృతి.

“మంచిదని మీరేగదా బోర్డు రాసింది?” అన్నాడు శ్రీనివాసమూర్తి, గొంతు పెంచి.

“నీకు మంచిదే, నాకు మంచిదే. ఆ మందు ఎక్కించుకునే వొంట్లో బలం ఉండదంట. మంచి పురుగులైనా అట్లాటి వొంట్లో ఏం చేస్తాయో మనకు తెలీదు. డాక్టర్ని అడుగు. ఆయన సరేనంటే నేనే మోసుకొచ్చి ఇస్తా.”

శృతి తల దించుకుంది. ఆ మాట తరబేతిలో చెప్పిందే. ఇంటికొచ్చి పెద్దనాయనకు చెప్పిందీ తనే. బోర్డు రాసేటప్పుడు మాత్రం, బేరం పోతుందని భయపడి వదిలేసింది. అంగడికొచ్చే ప్రతివాళ్లనూ ఆయన కడుపు సంగతి అడిగింది అందుకేనని ఇప్పుడు తట్టింది. ఆమెకు సిగ్గేసింది.

శ్రీనివాసమూర్తి బయటికి వెళ్లి డాక్టరుకు ఫోన్ చేశాడు. పులిసినవేవీ ఇప్పుడు వద్దు, అప్పటికప్పుడు ఉడికించినది పట్టండి అన్నాడట డాక్టరు. ఫోన్ పెట్టేసి శ్రీనివాసమూర్తి లోపలికొచ్చేసరికి ఆంజనేయప్ప పొయ్యి వెలిగించి, రాగిపిండి ఉండకట్టకుండా గంజి కలుపుతున్నాడు. చెంచాడు అరచేతిలో వేసుకుని ఉప్పు చూశాడు, ఉఫ్ ఉఫ్ మని ఊదుకున్నాడు, క్యానులో పోసి మూత పెట్టాడు.

“ఇది పులవలేదప్పా. వేడి మీదనే తాపు.”

శ్రీనివాసమూర్తి క్యాను అందుకున్నాడు.

“అమ్మకు జబ్బు అన్నప్పట్నుంచీ ఇంటికొచ్చినోళ్లంతా రిపోర్టు ఎట్లుండాదని అడిగినారు. స్కానులో ఏమొచ్చిందని అడిగినారు. ఆమె కడుపెట్లుండాదని ఎవురూ అడగలా. నేను గూడా అడగలా.”

“ఇంటికిపోయి అడుగు. ఆకలంటే కడుపునిండా తాపు. వికారమంటే రొంతసేపు ఆగి రెండు గుటకలు తాపు. ఊరికే బలవంతం చెయ్యొద్దు.”

తర్వాత శృతి వైపు తిరిగాడు. “పాపా, సీసాల మీద రాయి. మందులు ఎక్కించుకునేవాళ్లు, ఆపరేషనైనోళ్లు డాక్టర్ని అడక్కుండా తాగొద్దని.”

“అట్ల రాస్తే ఎవరు కొంటారు పెద్దనాయనా?” అంది శృతి.

“నేను కొంటా,” అన్నాడు శ్రీనివాసమూర్తి, క్యాను గుండెకు ఆనించుకుని గడప దాటుతూ. “అట్ల రాసినవే పంపు.”

ఆంజనేయప్ప చేతులకంటిన పిండి తువ్వాలుకు తుడుచుకున్నాడు.

“అక్షరాలు పెద్దగా రాయి పాపా,” అన్నాడు. “ముసలోళ్లకు కనపడాల.”