గడప ఉన్న కొట్టం

మా యారాలు పోయిందన్న కబురు నాకు వేములవాడలో అందింది. కోడె మొక్కు చెల్లించి, గుడి బయట బండ మీద కూర్చుని పిల్లలకు పేలాలు పెడుతున్నాను. మా ఊరి నుంచి బస్సు దిగి వచ్చిన ఒకాయన నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. "మీ అక్క పొద్దుగాల పోయిందమ్మా. జల్ది నడువున్రి" అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు పక్కపక్కన బతికి, నేను ఊళ్ళో లేని రోజు చూసుకుని పోయింది.

యారాలంటే తోడికోడలు. ఆమె మా బావ భార్య, ఆ ఇంటికి పెద్ద కోడలు. నేను చిన్న కోడలిని. ఊరు చేరేసరికి ఆమెను ఇంటి ముందు పడుకోబెట్టారు. వాకిలి నిండిపోయి జనం దారి మీద నిలబడి ఉన్నారు. పొరుగూళ్ళ వాళ్ళు కూడా ఉన్నారు. నా మనసులోకి మొదట వచ్చిన మాట చెబుతాను, దాచుకుని ఏం చేసుకోను. నేను పోతే ఇందులో సగం మంది కూడా రారు అనుకున్నాను.

మా వాడకట్టులో చదవడం, రాయడం తెలిసిన ఆడమనిషిని నేనే. అందుకని ఆమె గురించి నాలుగు మాటలు రాయమని పిల్లలు అడిగారు. మంచి మాటలే రాయాలట. మంచివి చాలా ఉన్నాయి, నా బాధంతా అదే.

ఆమె నాకంటే అందగత్తె కాదు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. పొట్టి మనిషి, నవ్వితే చిగుళ్ళు కనిపించేవి. తల్లిగారింటి నుంచి వెంట తెచ్చింది ఏమీ లేదు. నేనేమో కలిగిన ఇంటి నుంచి వచ్చాను, పుస్తకం పట్టి చదవగలను. అయినా మా అత్త నేను చేసిన కూర రుచి చూసి, "పెద్దదాని చేతిల ఏముందో" అంటూ లేచేది. బతుకమ్మ ఆడేటప్పుడు మా వాడ ఆడవాళ్ళంతా తమ బతుకమ్మలు తెచ్చి ఆమె బతుకమ్మ పక్కనే పెట్టేవాళ్ళు. నాది ఎంత ఎత్తుగా పేర్చినా అంతే. నేను దాన్ని ఆమె పక్కకు మోసుకుపోవలసి వచ్చేది.

అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పాత ఇల్లొకటి, పక్కన ఖాళీ జాగ ఒకటి వంతులకు వచ్చాయి. చిట్టీలు వేద్దామని పెద్దమనుషులు అంటుండగానే ఆమె కల్పించుకుంది. "చెల్లెకు పసిపిల్లలున్నరు. ఇల్లు దానికియ్యిరి. మాకు జాగ చాలు" అంది. కూర్చున్నవాళ్ళంతా ఆమెను మెచ్చుకున్నారు. ఇల్లు నాకు వచ్చింది, పేరు ఆమెకు వచ్చింది. గెలిచింది ఎవరో మీరే చెప్పండి.

ఆ జాగలో తాటికమ్మల గుడిసె వేసుకున్నారు. బావ కాగజ్‌నగర్‌లో కాగితాల మిల్లు పనికి పోయి పండుగలకూ పబ్బాలకూ వచ్చేవాడు. ఒక ఏడు వానాకాలంలో గాలికి గుడిసె కప్పు లేచిపోయింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు తడిసి, జ్వరంతో చాలా రోజులు మంచం పట్టాడు. పిల్లవాడు దక్కుతాడో లేదో అనుకున్నాం. వాడు లేచి తిరగడం మొదలుపెట్టిన రోజు నా వసారాలో కూర్చుని, "వచ్చే మిరుగం వరకు వీని తలమీద పెంకలుండాలె చెల్లె" అంది. మిరుగం అంటే తొలకరి కార్తె. ఆ తర్వాత ఆమె నోట ఇంకో ముచ్చట లేదు.

ముందు సావుకారి దగ్గరికి పోయింది. ఆయన, "బంగారం తే, లేకుంటె పొలం కాగితం తే. ఇల్లు కుదువ వెట్టుకొని నేనేం జేసుకోవాలె? మీరు అండ్లనే ఉంటరు, నేను వచ్చి ఎల్లగొట్టాలె. గా పాపం నాకెందుకు" అన్నాడు. ఆమెకు పుస్తె తప్ప బంగారం లేదు. ఆయన చేతిలోకి పోయిన పొలం కాగితం మళ్ళీ బయటికి వచ్చినట్టు మా ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. ఉన్న చెలకముక్క కూడా పోతే తినేదేముంది?

అప్పుడే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. తాలూకాలో సహకార సంఘం వాళ్ళు రైతులకు అప్పులిస్తున్నారని ఎవరో చెప్పారు. కాగితాలు చదవడానికి నేనుంటే ధైర్యమని నన్ను వెంట తీసుకుపోయింది. అక్కడి సారు తల ఎత్తకుండానే చెప్పాడు.

"బాయికి ఇస్తం, ఎడ్లకు ఇస్తం, పసుల కొట్టానికి ఇస్తం. ఇంటికి ఇయ్యం."

నేను లేచి చెంగు సర్దుకున్నాను. ఆమె లేవలేదు.

"కొట్టం ఎంత పెద్దగుండాలె సారూ?" అంది.

"నీ పసులెన్నో గంత."

దారిలో నేనే అడిగాను. "నీకు పసులేవే అక్కా?"

"నీకున్నయి గదనే" అంది ఆమె. పక్కింట్లో ఉప్పు అడిగినంత మామూలుగా అంది.

సంఘానికి పొలం ఉన్న మనిషి ఎవరైనా అప్పుకు పూచీగా జమానతు ఉండాలి. మా ఆయన నన్నొక్క మాట అడగకుండా సంతకం పెట్టి వచ్చాడు. ఆ రోజు మా ఇంట్లో పెద్ద గొడవ.

"వదినె ఇంటికి జమానతు ఉంటివి. నాకేమన్న కడ్తవా?" అన్నాను.

"మనకు ఇల్లున్నది గదా."

"వానకు కురుస్తది."

"సంఘపోళ్ళు ఇంటికి ఇయ్యరు. కొట్టానికే ఇస్తరు. మనకు కొట్టం గూడ ఉన్నది. మనకెందుకిస్తరు?"

చూశారా నా అదృష్టం. బర్రె ఉంది, కొట్టం ఉంది, అందుకే నాకు అప్పు రాదు. ఏమీ లేని మనిషికి ఇల్లు లేస్తోంది. ఆ పూట నేను పొయ్యి ముట్టించలేదు.

మొదటి కిస్తు వచ్చింది. కట్టడం మొదలుపెట్టే ముందు వడ్లాయన, అంటే మా ఊరి వడ్రంగి, మంచి రోజు చూసి దర్వాజ నిలబెట్టడానికి వచ్చాడు. నేను ఆమెను పక్కకు పిలిచాను. పసుల కొట్టానికి గడప ఉండదు, పసులు తట్టుకుని పడతాయి. ఆ సంగతి మా ఊళ్ళో చిన్నపిల్లకు కూడా తెలుసు.

"తనిఖీకి సారు వస్తె ఏం జెప్తవే? కొట్టానికి గడపేందంటడు. అప్పు మొత్తం చేతికొచ్చినంక పెట్టుకో" అన్నాను.

"గోడలు లేసినంక దర్వాజ నిలవెడ్తరా ఎవలన్న? గడప లేకుంటె అది ఇల్లెట్లయితదే?" అంది.

అన్నీ తెలిసిన మనిషి ఆ ఒక్క దగ్గర మాట వినలేదు. గడప కింద నవధాన్యాలు పోసి, పసుపు రాసి, బొట్లు పెట్టి, దర్వాజకు మామిడాకులు కట్టింది. గోడ కట్టేవాడు తన అలవాటు ప్రకారం దర్వాజ పక్కన దీపం పెట్టే గూడు కూడా చెక్కాడు. మట్టి గోడలు లేచాయి. కప్పు మాత్రం రెండో కిస్తు వస్తేనే. అది రావాలంటే ఇన్‌స్పెక్టర్ సారు వచ్చి కొట్టం చూసి సంతకం పెట్టాలి. ఎండలు దిగుతున్నాయి, మిరుగం దగ్గరకొచ్చింది. సారు రేపు వస్తాడని కబురందింది.

ఆ సాయంత్రం ఆమె నా వాకిట్లోకి వచ్చి నిలబడింది. "చెల్లె, రేపొక్క పూట లచ్చిని ఇయ్యవా" అంది.

లచ్చి మా బర్రె. నేను చేటలో బియ్యం చెరుగుతూ కూర్చున్నాను. నాది ఏదైనా ఇమ్మని ఆమె అడగడం అదే మొదలు. ఆమె అడగడం, నేను ఆలోచించడం ఎంత బాగుందో చెప్పలేను. బియ్యమంతా అయిపోయాక, "సరే తియ్" అన్నాను.

తెల్లారి లచ్చి గడప దాటనంది. పుట్టినప్పటి నుంచి అది గడప ఎరగదు. ముందు నుంచి గుంజారు, వెనక నుంచి నెట్టారు. ముందు కాళ్ళు బిగబట్టి నిలబడిపోయింది. అటు సారు వచ్చే వేళవుతోంది. చివరికి నేనే ఒక చేత పలుపు, ఒక చేత పచ్చగడ్డి పట్టుకుని, దాన్ని పేరు పెట్టి పిలుస్తూ వెనక్కి నడుస్తూ గడప దాటాను. అది నన్ను చూస్తూ, నెమ్మదిగా ఒక్కొక్క కాలు ఎత్తి లోపలికి వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ సారు సైకిల్ దిగి చెమట తుడుచుకుంటూ వచ్చాడు. బర్రెను చూశాడు. పసుపు రాసిన గడపను చూశాడు.

"ఏందమ్మా, పసుల కొట్టానికి గడపా?"

"మా లచ్చి జర పద్ధతి గల్లది సారూ" అంది మా యారాలు.

ఆయన నవ్వలేదు. గోడలోని గూడు వైపు చూశాడు. "మరి గిదేంది? బర్రె దీపం ముట్టిచ్చుకుంటదా?"

ఆమె చెయ్యి గోడకు ఆనించి నిలబడిపోయింది. ఆయన నా వైపు తిరిగాడు.

"నువ్వెవలమ్మా?"

"పక్కింటామెను సారూ."

"గీ బర్రె ఎవలది?"

మీరు నా స్థానంలో నిలబడి చూడండి. నాది అంటే చాలు. అది నిజం కూడా. ఆ ఒక్క మాటతో రెండో కిస్తు ఆగిపోతుంది, గోడలు వానకు కరుగుతాయి, ఆమె మళ్ళీ తాటికమ్మల కిందికి పోతుంది. బతుకమ్మ నాడు ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరడం, మా అత్త నా కూర వదిలేసి లేవడం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఆమె ముఖం చూశాను. ఎప్పుడైనా ఒకసారి ఈ మనిషి భయపడితే చూడాలని నాకెంతో కోరికగా ఉండేది. తీరా చూశాక నాకది నచ్చలేదు.

"మా అక్కదే సారూ" అన్నాను.

సారు నన్నూ, నా చేతిలోని పలుపునూ కాసేపు చూశాడు. నేను ఇచ్చిన చల్ల తాగాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. సైకిల్ ఎక్కుతూ, "బర్రెను ఎవలింటికి వాళ్ళు తోలుకపోన్రి. కొత్త ఇల్లు, పేడ వాసనొస్తది" అన్నాడు. కాస్త ముందుకు పోయి ఆగి, "నేను గూడ కిరాయింట్లనే ఉంటున్న" అని వెళ్ళిపోయాడు.

మిరుగంలోపు బెంగళూరు పెంకులతో కప్పు పడింది. ఇంట్లోకి పోయే రోజు అయ్యగారు ముందుగా ఆవును తోలాలన్నాడు. ఆమె వద్దంది. "మా లచ్చి ఎప్పుడో వచ్చింది పంతులూ. మా చెల్లె కుడికాలు వెట్టింది" అని అందరి ముందు చెప్పింది. నేను వెనక్కి నడిచానని, ఏ కాలు ముందు పడిందో నాకే తెలియదని ఎంత చెప్పినా వినలేదు. "కుడికాలే. నేను జూసిన" అంది.

తొలకరి వాన పడ్డప్పుడు నా ఇంట్లో గూన పెంకల సందుల నుంచి నీళ్ళు కారుతుంటే గిన్నెలు పెట్టుకుంటున్నాను. ఆమె కొంగు నెత్తిన కప్పుకుని, పాత గుడిసెలో వాననీళ్ళు పట్టిన మట్టి సట్లు రెండు చంకలో పెట్టుకుని వచ్చింది. "ఇగ నాకు వీటితోని పని లేదు. నువ్వుంచుకో" అంది. మనస్ఫూర్తిగానే అంది. ఆ సట్లు తీసి రోడ్డు మీద పగలగొట్టాలన్నంత మంట పుట్టింది. అవే కింద పెట్టి నీళ్ళు పట్టాను.

గడప మీద కూర్చోకూడదంటారు. ఆమె పని అయిందంటే అక్కడే కూర్చునేది. మా అత్త తిడితే, "దీనికోసం అప్పు తెచ్చిన అత్తా, జరంత సేపు కూసుంట" అనేది. చివరి కిస్తు కట్టి వచ్చిన రోజు కూడా గడప మీదే కూర్చుని నన్ను పిలిచి బెల్లం చేతిలో పెట్టింది. నా ఇంటి కప్పు సంగతి మాట్లాడుతుందేమో అనుకున్నాను. మాట్లాడింది. "మరిదికి నేను జెప్త" అంది. చెప్పింది కూడా. ఆ ఎండాకాలం మా ఆయన కప్పు దించి పెంకలు మార్పించాడు. నేను ఏళ్ళ తరబడి పోట్లాడినా కదలని మనిషి, ఆమె ఒక్కసారి అంటే కదిలాడు. పొడి ఇంట్లో పడుకుని నేను దానికీ కుళ్ళుకున్నాను.

శుక్రవారం శుక్రవారం ఆమె గడపకు పసుపు రాసి, మిగిలిన పసుపు చేతితోనే మా కొట్టంలోకి వచ్చేది. లచ్చి నుదుట రాసి, బొట్టు పెట్టి పోయేది. దానికి గడ్డి వేసేది నేను, పేడ ఎత్తేది నేను. దూడ అడ్డం తిరిగినప్పుడు చేతులు లోపల పెట్టి బయటికి తీసింది నేను. ఆ బర్రె నేను వస్తే తోక కూడా ఊపదు. ఆమె అడుగు చప్పుడుకు తల వంచి నుదురు చూపేది. లచ్చి ముసలిదై ఒట్టిపోయాక మా ఆయన అంగడికి తోలుకుపోతానన్నాడు. "నా ఇల్లు నిలవెట్టిన బర్రెను కోతకు పంపుతవా మరిదీ? దానికి గడ్డి నేనేస్త" అని అడ్డం నిలబడింది. ఆనాటి నుంచి రోజూ ఒక మోపు ఆమె ఇంటి నుంచే వచ్చేది.

వేములవాడకు బయలుదేరిన పొద్దు నాతో అన్న చివరి మాట కూడా ఆ బర్రె గురించే. "లచ్చి ఫికర్ జెయ్యకు. నేను జూసుకుంట, పోయిరా" అంది. మర్నాడు తెల్లవారి దానికి గడ్డి వేసి వచ్చి, అలవాటుగా గడప మీద కూర్చుందట. కొడుకు నీళ్ళు తెచ్చేసరికి దర్వాజకు తల ఆనించి ఉందట. ఇంతే తెలుసు.

నిన్న శుక్రవారం. పొద్దున్నే కొట్టంలోకి పోతే లచ్చి లేచి నిలబడి ఉంది. ఆమె వచ్చే సందు వైపు తిరిగి, తల వంచి ఉంది. ఎంతసేపటి నుంచి అలా నిలబడిందో తెలియదు. నేను ఇంట్లోకి పోయి పసుపు తడిపి తెచ్చాను. దాని ముందు నిలబడి, "ఆమె రాదే. ఇగ నేనే రాయాలె" అన్నాను. నా చెయ్యి వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకుంది.

బర్రె ఎవలదని ఆనాడు సారు అడిగితే, నేను అబద్ధం చెప్పాననే ఇన్నేళ్ళూ అనుకున్నాను.

పలుపు విప్పాను. లచ్చి నన్ను దాటుకుని, ముసలి కాళ్ళతో నెమ్మదిగా నడిచి, ఆమె ఇంటి ముందు ఆగింది. పసుపు లేని గడప ముందు నిలబడి, మళ్ళీ తల వంచింది.