ఒకే పేజీలో రాసిన రెండు పిల్లులు

మా కాలనీ పిల్లులకు పొద్దున తిండి పెట్టే పని నాది, సాయంత్రం పని సిస్టరమ్మది. ఆమె ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. మా పై అంతస్తులోనే ఉంటారు. నేను జీవితమంతా ఒక ఆఫీసులో రికార్డుల సెక్షన్‌లో పనిచేశాను. డైరీ రాయడం కాలేజీ రోజుల్లో మొదలైంది, ఇంతవరకు ఆగలేదు. నాలుగేళ్ల కింద ఆమె మా తలుపు తట్టి, "సార్, పిల్లులకు నేను వండుతాను, మీరు రాయండి చాలు" అన్నారు. తిరుపతిలో పదకొండు వీధి పిల్లులకు ఒక్కో పేజీ కేటాయించినవాడిని నేనొక్కడినే అని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

రాయడంతో మొదలుపెట్టి పొద్దుటి పూట తిండి కూడా నేనే పెట్టసాగాను. నేను పెట్టేది పెరుగన్నం. "పెరుగన్నంతో పిల్లి బతుకుతాదా సార్?" అని సిస్టరమ్మ దెప్పుతారు. బతికేది ఆమె సాయంత్రం తెచ్చే చేప తలల అన్నంతోనే. మా వైష్ణవ కొంపలో తరతరాలుగా ఆ వాసన సోకలేదు. అందుకని ఆమె గిన్నె మెట్లు దిగే వేళకు నేను నడకకు వెళ్లిపోయేవాడిని. ఏయే పిల్లులు వచ్చాయో ఆమె మరునాడు చెప్పేవారు, నేను రాసుకునేవాడిని. రంగు, చెవి, పొట్ట, ఏ వైపు నుంచి వచ్చింది, అన్నీ ఉండేవి. చెవి ఎందుకంటే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన పిల్లికి డాక్టర్లు ఎడమ చెవి కొన కాస్త కత్తిరిస్తారు. దూరం నుంచి చూసినా తెలుస్తుందని.

చెవి కొన తెగని చారల పిల్లి ఒకటి ఉండేది. దాని పేజీలో "రెండు పూటలా వస్తుంది, తిండిపోతు" అని రాశాను.

మే నెలలో ఆపరేషన్‌కు దాని వంతు వచ్చింది. పాలిచ్చే తల్లిని మాత్రం పంపకూడదని పశువుల డాక్టరు ముందే చెప్పారు. సిస్టరమ్మ కళ్లకు శుక్లాలు వచ్చి మసకగా ఉండడంతో నన్ను అడిగారు.

"పాలు లేవు కదా సార్?"

"వరుసగా మూడు పొద్దులు చూశానమ్మా. పొట్ట బిగువుగా ఉంది. రాసుకున్నాను కూడా."

"నా చూపు కన్నా మీ పుస్తకమే నయం" అని ఆమె ఆ సోమవారం సాయంత్రం బోనులో చేప తల పెట్టారు. పిల్లి పడింది. బోను మీద దుప్పటి కప్పి బండిలో పశువుల ఆస్పత్రికి పంపించారు. నేను ఆ వేళకు నడకలో ఉన్నాను.

మంగళవారం పదిన్నరకు డాక్టరు ఫోన్ చేశారు. ఆపరేషన్ అయిపోయిందట. మత్తిచ్చి పక్కకు తిప్పి వెంట్రుకలు తీసేటప్పుడు కనబడలేదు, కుట్లు వేశాక చూస్తే పాలున్నాయట. "కోత పొట్ట కింద కాకుండా పక్క వైపు వేశాను కాబట్టి పాలు తాగించడానికి ఇబ్బంది లేదు. కానీ రేపు పొద్దునకు గాని పంపలేను. పిల్లలు ఎక్కడున్నాయో వెతకండి సార్. నిన్న సాయంత్రం నుంచి వాటి కడుపులో ఏమీ లేదు. ఈ ఎండకు రేపటిదాకా ఆగలేవు" అన్నారు.

అలా జరగడానికి వీల్లేదని, నా దగ్గర రాసి ఉందని ఆయనతో వాదించాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పై అంతస్తుకు పరుగెత్తి సిస్టరమ్మకు పేజీ చూపించబోయాను. ఆమె పుస్తకం మూసి చెప్పులు తొడుక్కున్నారు. "ఇది తర్వాత. ముందు పిల్లలు."

నేను రాసుకున్న ప్రకారం చారల పిల్లి పంపురూమ్ వైపు నుంచి వచ్చేది. అక్కడే వెతికాం. మోటారు వెనక, ఇసుక బస్తాల మధ్య, మెట్ల కింద వెతుకుతూ గంట గడిచింది. నేల కాలిపోతోంది. ఒక్క కూత కూడా వినబడలేదు.

గేటు దగ్గర ఇస్త్రీ బండి పెట్టుకునే అతను మమ్మల్ని చూసి చూసి కేక వేశాడు.

"ఏం సామీ, పంపురూమ్‌కు ప్రదక్షిణాలు సేస్తాండారు?"

సంగతి చెప్పాను.

"ఏ చారల పిల్లి? పొద్దున్నేదా, మాపటిదా?"

"ఒకటే కదప్పా. రెండు పూటలా వస్తుంది."

అతను ఇస్త్రీ పెట్టె నిలబెట్టి నవ్వాడు. "ఒకటి యాడ సామీ! రెండుండాయి. పొద్దున్నేదానికి తోక కొసన తెలుపుండాది, అది మీ పంపురూమ్‌ది. మాపటిది ఆ షామియానా షెడ్డులోనించి వస్తాది. మనిషిని సూస్తే పరుగే. ఇన్నేండ్లు రాస్తిరే, మీ పుస్తకంలో ఈ ముక్క లేదా?"

లేదు. నేను పొద్దున చూసినది ఒకటి, ఆమె సాయంత్రం చూసినది ఒకటి. రెంటినీ ఒక్క పేజీలో కలిపి రాసి, ఒకదాని పొట్ట చూసి రెండోదాన్ని కోతకు పంపాను. చేప వాసనకు దూరంగా ఉండకుండా ఒక్క సాయంత్రం నిలబడి ఉంటే తెలిసేది.

షెడ్డు మా వెనక వీధిలోనే ఉంది. పెళ్లిళ్ల సీజన్ కావడంతో షెడ్డు యజమాని సామాను గుమ్మం దగ్గర పేర్పిస్తున్నాడు.

"ఒంటిగంటకు లారీ వస్తాది అక్కా" అన్నాడు సిస్టరమ్మతో. "కాణిపాకంలో పెండ్లి. గుడ్డలు, కుర్చీలు, గంగాళాలు అన్నీ పోతాయి. పిల్లుల్ని ఎతికేదానికి టైం యాడుండాది?"

"నువ్వు లోడు చేసుకో నాయనా. మేం పక్కన వెతుక్కుంటాం" అంటూనే ఆమె లోపలికి వెళ్లారు.

ఆ మసక చూపుతో ఆమె చేతులతోనే వెతికారు. గుడ్డల మూటలు ఒక్కొక్కటి తడిమారు. నర్సు కదా, చల్లగా ఉండే చోటేదని ఆలోచించి ఉంటారు. వెనక గోడ పక్కన పడుకోబెట్టి ఉన్న పెద్ద అన్నం గంగాళంలోకి వంగి చెయ్యి పెట్టారు. "సార్" అన్నారు. ఆ గొంతు విని నేను కుర్చీలు తోసుకుంటూ వెళ్లాను. మూడు పిల్లలు, గోనెపట్ట మీద. రెండు కదిలాయి. మూడోది తల వాల్చేసి ఉంది. ఆమె దాన్ని కొంగులో చుట్టి గుండెకు అదుముకుని వీపు రుద్దడం మొదలుపెట్టారు.

షెడ్డు యజమాని వంగి చూశాడు. తల గోక్కున్నాడు. "అన్నం గంగాళమే దొరికిందా దీనికి! ఇది తక్కువైతే వంటమాస్టరు నా తోలు తీస్తాడు" అని గొణిగి, కూలీల వైపు తిరిగి, "రేయ్, దాన్ని ముట్టాకండి, ఆడే ఉండనీ. తల్లి వచ్చి సూసుకోవాల. యాడన్నా ఇంకోటి అడుక్కొస్తా" అన్నాడు.

పై అంతస్తు ఎండకు కొలిమిలా ఉంటుంది. అందుకని పిల్లల్ని కింద ఉన్న మా ఇంటికే తేవలసి వచ్చింది. మా ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడి అడిగింది. "చేప లేదు కదా?"

"పాలే."

"అయితే కూలర్ ముందు పెట్టండి. నిలబడ్డారేం?"

డాక్టరు తన మనిషితో పాలపొడి పంపారు. పట్టడానికి చిన్న గొట్టం లేకపోతే, నా పెన్నులో సిరా పోయడానికి కొని తెచ్చిన కొత్త ఫిల్లర్‌ను మా ఆవిడ వేడినీళ్లలో మరిగించి ఇచ్చింది. రెండు పిల్లలు తాగాయి. మూడోదానికి సిస్టరమ్మ ఒక్కొక్క చుక్కే పెదవి మీద వేస్తూ కూర్చున్నారు. సాయంత్రానికి మింగడం మొదలుపెట్టింది గాని తల ఎత్తలేదు.

"సార్, దీన్ని వదిలి నేను లేవలేను. గిన్నె పైన పొయ్యి మీద ఉంది" అన్నారు ఆమె.

మా ఆవిడ నా ముఖం చూసింది. నేను పైకి వెళ్లి గిన్నె తెచ్చాను. ముక్కుకు తుండు కట్టుకుని చేప తలల అన్నం ఆకుల్లో పెట్టాను. పిల్లులు కాళ్లకు రాసుకుంటూ తిన్నాయి. నా పెరుగన్నానికి ఏ రోజూ అంత ఆదరం దొరకలేదు. వచ్చి స్నానం చేసి, చారల పిల్లి పేజీ కొట్టేసి రెండు పేజీలు చేశాను. ఆ పూట డైరీలో సాయపడిన ఐదుగురికీ కృతజ్ఞత రాసుకున్నాను. ఒక్కరైనా "నీ వల్లే కదా" అనలేదు. ఇస్త్రీ అతను నవ్వాడు, అంతే. అది నాకు రావలసిందే.

బుధవారం పొద్దున తల్లి బోనులో తిరిగి వచ్చింది. పిల్లల్ని ముందే తీసుకెళ్లి గంగాళంలో, అదే గోనెపట్ట మీద పడుకోబెట్టాం. మనుషుల చేతుల వాసన తగిలితే దగ్గరకు రానివ్వదేమోనని డాక్టరు ముందే హెచ్చరించారు. బోను తలుపు ఎత్తి అందరం గుమ్మం బయటికి వచ్చేశాం. ఇస్త్రీ అతను కూడా బండి వదిలేసి వచ్చాడు. పిల్లి చాలాసేపు బోనులోంచి కదల్లేదు. తర్వాత గోడ వారగా నడిచి గంగాళం దగ్గర ఆగింది. వాసన చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్లీ ముందుకు వచ్చి లోపలికి దూరింది.

"ఏమైంది? చెప్పండి సార్, నాకు కనబడదు" అన్నారు సిస్టరమ్మ నా మోచెయ్యి పట్టుకుని.

నేను గుమ్మం లోపలికి వంగి చూశాను. "పడుకుంది. తాగుతున్నాయి."

"మూడోది కూడానా?"

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వంగాను. చిన్న తల తల్లి పొట్టకు ఆనుకుని ఉంది. ఆనుకోవడమేనా, తాగుతోందా అని దాని దవడ కదిలేదాకా చూసి, అప్పుడు చెప్పాను.

"అది కూడా తాగుతోందమ్మా."