ఫోన్లో దొరకని పెద్దాయన

మా ఆండర్సన్‌పేటలో టీ గ్లాసులు ఏటికేడు చిన్నవైపోతున్నాయి. ఇప్పుడిచ్చే గ్లాసుతో పసిపిల్లలకు జ్వరం మందు పోయవచ్చు. ఈ సంగతి అంగడాయనకు విన్నవించి, ఫలితం లేక రెండో గ్లాసు కూడా కొనుక్కుని తాగుతున్న ఒక సాయంత్రం, మా వీధి చివరింటి పెద్దమ్మ వచ్చి నా చేయి పట్టుకుంది.

ఆమె భర్త మా ఊరి బంగారు గనిలో రెస్క్యూ టీం నాయకుడు. లోపల రాయి పేలి మనుషులు చిక్కుకుపోతే, వీపున ఆక్సిజన్ కట్టుకుని దిగేవాడు. గనులు మూతపడిన కొన్నేళ్ళకు ఆయనా పోయాడు. మనవడు దగ్గర్లోని నరసాపురం ఫ్యాక్టరీకి పనికి పోయే బస్సులో తాత గొప్ప చెప్పుకుంటే, పక్క సీటువాళ్ళు ఫోన్లో వెతికి, అట్లాంటి మనిషే లేడని నవ్వారట.

“లేడంటారేమప్పా? ముప్పై ఏండ్లు నేను సంగటి కెలికింది ఎవురికి?” అంది పెద్దమ్మ. “నువ్వు కాలేజీ చదివినోడివి. ఆయన్ని ఫోన్లో ఎక్కించు.”

నేను కాలేజీలో చదివింది వృక్షశాస్త్రం. అయినా ఒప్పుకున్నాను.

అందరూ కలిసి రాసే ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వానికి ఆయన జీవితం రాసి పంపాను. ఆధారాలుగా చర్చి వార్షికోత్సవ సంచిక, సమాధి రాయి ఫోటో, పెద్దమ్మ మాట చూపించాను. వారంలో తిరిగొచ్చింది. ఆయనతో సంబంధం లేనివాళ్ళు ఆయన గురించి అచ్చులో రాసినది ఏమైనా ఉందా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా ఊళ్ళో ఆయనతో సంబంధం లేనివాళ్ళు దొరకడమే కష్టం.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఈ సంగతి చెప్పి నోరు జారాను. గని మనుషులకు తెలిసిన పద్ధతి ఒకటే: ఆఫీసు వినకపోతే అందరూ పోయి గేటు ముందు నిలబడటం.

“ఇరవై మంది పోతే ఏ ఆఫీసరైనా దిగి రావల్సిందే,” అన్నాడు గనిలో లిఫ్టు నడిపి రిటైరైన మామ.

“ఆ ఆఫీసు యాడుండాదో నాకే తెలీదు మామా.”

“తెలీకపోతే ఏమి? కంప్యూటర్లోనే నిలబడదాం పా.”

మధ్యాహ్నానికి బజారులోని ఇంటర్నెట్ సెంటర్లో వరుస కట్టారు. నేను వ్యాసం పంపిన కంప్యూటరు నుంచే ఇరవై ముగ్గురు ఖాతాలు తెరిచి, ఆ వ్యాసం మంచిచెడ్డలు తేల్చే చర్చాపేజీలో ఒకటే వాక్యం రాశారు: ‘ఈయన మంచివారు, వెంటనే ఎక్కించవలెను.’ వాక్యాన్ని కాగితం మీద రాసిచ్చింది లిఫ్టు మామే.

మర్నాడు విజ్ఞానసర్వస్వం వాళ్ళు ఖాతాలన్నీ మూసేశారు, నాదీ కలిపి. ఆ ఇరవై ముగ్గురూ నేనేనని తేల్చారు. చదువుకునే రోజుల్లో కాలేజీ నాటకంలో రెండో భటుడి వేషానికి కూడా నేను పనికిరానన్నారు. నా నటనా ప్రతిభకు గుర్తింపు కొంచెం ఆలస్యమైంది.

జరిగింది జరిగినట్టు రాసి క్షమాపణ పంపాను. జవాబు రాలేదు. మళ్ళీ పంపాను. మూడోసారికి నా ఒక్కడి ఖాతా తెరిచి, ‘రెండు స్వతంత్ర ఆధారాలు తెండి, మనుషులను తేవద్దు’ అన్నారు.

తెస్తానన్నాను. వారమంతా బెంగళూరు రైల్లో ఉద్యోగానికి పోయేవాడిని, సెలవు శనివారాలు కూడా అదే రైలెక్కి లైబ్రరీకి పోవడం మొదలుపెట్టాను. పాత పత్రికల్లో గని ప్రమాదాలు చాలానే ఉన్నాయి. పరామర్శకు వచ్చిన పెద్దల పేర్లు బిరుదులతో సహా ఉన్నాయి. లోపలికి దిగినవాళ్ళను మాత్రం ‘సహాయక బృందం’ అని సరిపెట్టారు. దుమ్ముకు తుమ్ములు పట్టుకున్నాయి. ముక్కుకు రుమాలు కట్టుకుని తిరగేశాను. ఏడో శనివారం ఒక లోపలి పేజీ అడుగున ఆయన పేరు దొరికింది. మరో నెలకు, గని భద్రత మీద వచ్చే పాత ఇంజనీర్ల పత్రికలో ఆయన పనితీరు మీద అర పేజీ దొరికింది. తిరగరాసి పంపాను. రెండు వారాలకు ఒప్పుకున్నారు. మొత్తం పదకొండు వాక్యాలు.

ఆ సాయంత్రమే పోయి పెద్దమ్మకు ఫోన్లో చూపించాను. ఆమెకు అక్షరాలు ఆనలేదు. చదివి వినిపించాను. మళ్ళీ చదవమంటే మళ్ళీ చదివాను. ఆమె ఫోను తీసుకుని, వేలితో పైకి కిందికి జరిపింది. ఇంక ఏమీ లేకపోయేసరికి నా చేతిలో పెట్టేసింది.

“ఆయన ఎప్పుడూ ఒంటిగా దిగలేదప్పా,” అంది. “ఆరు మంది దిగేవోళ్ళు. తక్కిన ఐదు మందిని నువ్వే లేకుండా చేసినావు.”