కేసుంటేనే లోపలికి

నేను జగిత్యాల దగ్గర ఒక చిన్న జైల్లో వార్డర్‌గా ఉన్నప్పుడు, తాటిచెట్ల కొట్లాట కేసులో లోపలికొచ్చిన ఒక గీతకార్మికుడు జైలరుతో సహా అందరినీ "బావా" అనేవాడు.

ఆ ఏడు గోదావరి పొంగింది. ఫోన్లు పలకలేదు, అధికారులు చేరలేదు. వెల్గటూరు వైపు ఇళ్లు మునిగినవాళ్లకు ఎత్తుమీదున్న మా జైలే దిక్కయింది.

వాళ్లు రోగం తెచ్చారని పుకారు పుట్టి, చుట్టుపక్కల జనం కట్టెలతో గేటు మీదికి వచ్చిపడ్డారు. రోజూ బకెట్ కోసం తన్నుకునే ఖైదీలు, కోరుట్ల దర్జీ, సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే కార్మికుడు, కలిసి గేటుకు వీపులానించారు.

"వాళ్లను బయటికి పంపుండ్రి!" అని జనం అరిచారు.

ఊచల్లోంచి గీతకార్మికుడు నవ్వాడు. "బావా, వాళ్లు మా ములాఖత్‌కచ్చిన చుట్టాలు. నువ్వు లోపలికి రావాలంటే కేసుండాలె. గా కట్టెతోని నన్నొక్కటి కొట్టు, ఇప్పుడే అయితది."

కట్టెలు ఒక్కొక్కటే దిగాయి.

వరద తీసి బయటికి దారి పడగానే గీతకార్మికుడికి బెయిలొచ్చింది. నేను తలుపు తీస్తే కదలలేదు.

"చుట్టాలను ఇంట్ల వెట్టి నేనెట్ల పోవాలె బావా?"